దేవుడికి మన తక్కెడ పనికొస్తుందా?

పోయిన సంచికలో, రాముడు వాలిని చాటునుంచి చంపడం న్యాయమేనా అని ఒకాయన అడిగితే నేను ఒక్క లైన్‌లో తేల్చేశాను, "దేవుడి పనులు మన కొలతలకి అందవు" అని. రాసేటప్పుడు బానే ఉందనిపించింది, అచ్చులో చూసుకున్నాక నాకే ఎబ్బెట్టుగా అనిపించింది, ఆలోపే ఉత్తరాలు మొదలయ్యాయి. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గానీ ఈసారి లోకువయ్యే పని నేనే చేశాను, ఒప్పుకుంటున్నా. అందుకని మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి ఈసారికి దీనిమీదే కూర్చుందాం. పేర్లు వెయ్యొద్దని చాలామంది రాశారు కాబట్టి ఎవరి పేరూ వెయ్యట్లేదు.

ప్రశ్న: మాస్టారూ, దేవుడు కొలతలకి అందడు అన్నారు, సరే. ఆపరేషన్ సక్సెస్ అయితే "దేవుడి దయ" అంటాం, అప్పుడు కొలిచినట్టే కదా? అదే ఆపరేషన్ ఫెయిలైతే "ఆయన లీల మనకేం తెలుస్తుంది" అంటాం. మార్కులు వెయ్యడానికి పనికొచ్చినవాళ్ళం తగ్గించడానికి పనికిరామా? మీరు రాసింది ఎస్కేప్ ఆన్సర్ అని నా అభిప్రాయం, తప్పయితే క్షమించండి.

జవాబు: క్షమించడానికేం లేదు, ఎస్కేప్ ఆన్సరే. మీరు పట్టుకున్న చోటే ఇంగ్లండ్‌లో ఒకసారి పెద్ద గొడవ జరిగింది. మాన్సెల్ అని ఒక మతాచార్యుడు 1858లో కొన్ని ఉపన్యాసాలు ఇచ్చాడు, దేవుడి మంచితనం అనంతమైంది, మనుషుల్లో మనం చూసే మంచితనంతో దాన్ని పోల్చి తీర్పు చెప్పకూడదు అని. దానికి జాన్ స్టూవర్ట్ మిల్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1865లో జవాబు రాశాడు. ఆయన మాటల సారాంశం ఏంటంటే, తోటి మనిషిని "మంచివాడు" అన్నప్పుడు నేను ఏ అర్థంలో అంటానో ఆ అర్థంలో మంచిది కానిదాన్ని నేను మంచి అనను, అలా అననందుకు నన్ను నరకానికి పంపిస్తానంటే నరకానికే పోతాను అని. ఆ చివరి వాక్యంలో కాస్త హీరోయిజం ఉంది గానీ పాయింట్ మాత్రం గట్టిది. "దయామయుడు" అనే మాటలో దయ అంటే మనకి తెలిసిన దయ కాకపోతే ఇక ఆ మాటకి అర్థం ఏం మిగిలింది? "దేవుడు గబగబమయుడు" అన్నా ఒకటే అప్పుడు. పొగిడేటప్పుడు మన తక్కెడ వాడుకుని, తప్పు తూగే టైముకి తక్కెడ దాచేస్తే దాన్ని భక్తి అనలేం.

అయితే ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి, వాటిని విడదియ్యకపోతే చర్చ ఎక్కడికీ పోదు. నియమాలు వేరు, మాటలు వేరు. సర్జన్ మనిషి పొట్ట కోస్తాడు, నేను కోస్తే జైలు. జడ్జి మనిషిని ఇరవై ఏళ్ళు గదిలో పెట్టిస్తాడు, పక్కింటాయన పెడితే కిడ్నాప్. అంటే ఎవరు ఏ స్థానంలో ఉన్నారన్నదాన్నిబట్టి నియమం మారుతుంది, ఆ లెక్కన అందరికీ ప్రాణం ఇచ్చినవాడికి నాకున్న నియమాలే ఉండాలని నేను పట్టుబట్టలేను. అన్నీ ఆయనవే అని నమ్మేవాళ్ళకి "దేవుడు దొంగతనం చేశాడు" అనే వాక్యానికి అర్థమే ఉండదు. కానీ క్రూరత్వం అలా కాదు. సర్జన్ అవసరం లేకుండా సరదాకి కోస్తే సర్జన్ అయినా క్రూరుడే, అసలు సర్జన్ కాబట్టి ఇంకా ఎక్కువ క్రూరుడు. స్థానం పెద్దదయ్యేకొద్దీ నియమాలు సడలొచ్చేమో గానీ దయ, న్యాయం, క్రూరత్వం అనే మాటల అర్థం సడలదు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే క్రైస్తవ తత్వవేత్త మధ్యేమార్గం ఒకటి చెప్పాడు, మనిషిని ఆరోగ్యవంతుడు అంటాం, మందునీ ఆరోగ్యకరం అంటాం, రెండుచోట్లా అర్థం అచ్చం ఒకటే కాదు, అలాగని సంబంధం లేనిదీ కాదు, దేవుణ్ణి "మంచి" అనడం కూడా ఇలాంటిదే అని. నాకు నచ్చిన పోలికే. కాకపోతే ఆ సంబంధం అనే దారం ఎంత సాగదీసినా తెగకూడదు, మాన్సెల్ లాంటి వాళ్ళు తెగేదాకా లాగారని మిల్ కోపం.

ఇక వాలి సంగతి. నేను పోయినసారి ఎంత తేలిగ్గా రాశానో చూడండి. కిష్కింధాకాండలో వాలి పడిపోయి బాణం దిగిన గుండెతో అడుగుతాడు, నీతో నాకు గొడవ లేదు, నేను వేరేవాడితో యుద్ధంలో ఉన్నాను, చాటునుంచి ఎందుకు కొట్టావు అని. దానికి రాముడు "నేను దేవుణ్ణి, నీ కొలతలకి అందను" అన్నాడా? అనలేదు. 18వ సర్గ అంతా వాదనే. తమ్ముడి భార్య రుమని నువ్వు చెరబట్టావు, దానికి శిక్ష ఇది, ఈ భూమి భరతుడి పాలనలో ఉంది, ఆయన తరఫున దండించే అధికారం నాకుంది, పైగా సుగ్రీవుడికి మాటిచ్చాను, అంటూ మనిషి మనిషికి చెప్పుకునే కారణాలే చెప్తాడు. మృగాన్ని చాటునుంచి కొట్టడం వేటలో ఉన్నదే అని ఇంకోటి కూడా అంటాడు, అది మాత్రం నాకు ఎప్పుడూ సరిగ్గా దిగలేదు, ఎందుకంటే పరస్త్రీ విషయంలో వాలిని ధర్మం తెలిసిన మనిషిలా నిలబెట్టి బాణం విషయంలో మృగాన్ని చేస్తే ఎట్లా. చివరికి వాలి ఒప్పుకుంటాడు. మీరు ఒప్పుకుంటారో లేదో మీ ఇష్టం, నేను చెప్పొచ్చేది ఏంటంటే అడిగినవాడికి కారణం చెప్పాల్సిన బాధ్యత ఉందని రాముడే అనుకున్నాడు, మధ్యలో నేనెవర్ని ఆయన్ని తప్పించడానికి.

ప్రశ్న: సార్, దేవుడు చెప్పింది కాబట్టి అది ధర్మమా, లేక ధర్మం కాబట్టి దేవుడు చెప్పాడా? కాలేజీలో ఫ్రెండ్ అడిగాడు, రెండు రోజులుగా నిద్ర పట్టట్లేదు.

జవాబు: మీ ఫ్రెండ్ మిమ్మల్ని 2400 ఏళ్ళ పాత గోతిలోకి తోశాడు. ప్లేటో రాసిన "యూథిఫ్రో" సంభాషణలో సోక్రటీస్ అడిగే ప్రశ్న ఇది. సందర్భం చూడండి ఎంత బావుంటుందో, సోక్రటీస్ మీద దైవద్రోహం కేసు పడింది, దానికోసం కోర్టు దగ్గరికి వచ్చాడు, అక్కడ యూథిఫ్రో కనిపించాడు, ఆయన సొంత తండ్రి మీదే హత్య కేసు పెట్టడానికి వచ్చాడు. ఆ తండ్రి ఒక కూలివాణ్ణి, వాడూ ఒకణ్ణి చంపినవాడే, కాళ్ళూ చేతులూ కట్టి గోతిలో పడేసి పట్టించుకోకపోతే చలికీ ఆకలికీ చచ్చిపోయాడు. తండ్రి మీద కేసు పెట్టడం పుణ్యమే, నాకు బాగా తెలుసు అంటాడు యూథిఫ్రో. అయితే పుణ్యమంటే ఏంటో చెప్పు నాయనా అని సోక్రటీస్ మొదలుపెడతాడు, పాపం యూథిఫ్రో చివరికి ఏదో పనుందని జారుకుంటాడు.

చెప్పింది కాబట్టే ధర్మం అంటే, రేపు పిల్లల్ని హింసించమని చెప్తే అదీ ధర్మం అయిపోవాలి, అప్పుడు "దేవుడు ధర్మాత్ముడు" అంటే "దేవుడు తను అనుకున్నది చేస్తాడు" అని తప్ప ఇంకేం లేదు. ధర్మం కాబట్టి చెప్పాడు అంటే, ధర్మం ఆయనకన్నా ముందే ఉన్నట్టు, ఆయనా దానికి లోబడ్డట్టు. ఇస్లాంలో కూడా దీనిమీద రెండు పక్షాలు గట్టిగా కొట్టుకున్నాయి, మంచిచెడ్డలు బుద్ధితో తెలుసుకోవచ్చు, దేవుడు అన్యాయం చెయ్యడు అన్నది ముతజిలా వాళ్ళు, దేవుడు ఆజ్ఞాపించిందే మంచి అన్నది అష్అరీ వాళ్ళు. ధర్మం దేవుడి స్వభావమే, బయటా కాదు ఇష్టమొచ్చినట్టు మార్చేదీ కాదు అని మూడో దారి చెప్పేవాళ్ళున్నారు. వినడానికి హాయిగా ఉంటుంది, కానీ "ఆ స్వభావం మంచిదని నీకెలా తెలిసింది" అని సోక్రటీస్ మళ్ళీ వస్తాడు.

నేను ఏ పక్షమో అడక్కుండానే చెప్తా. నాకు మహాభారతం ఆదిపర్వంలో మాండవ్యుడి కథ ఈ పుస్తకాలన్నిటికన్నా ఎక్కువ చెప్తుంది. ఆయన ఆశ్రమం వాకిట్లో చెట్టుకింద చేతులెత్తి మౌనంగా తపస్సులో ఉన్నాడు. దొంగలు పరిగెత్తుకొచ్చి సొమ్ము ఆశ్రమంలో దాచి తామూ దాక్కున్నారు. వెనకాలే రాజభటులు, దొంగలెటు పోయారని అడిగితే మౌనవ్రతంలో ఉన్న ఆయన పలకలేదు, సొమ్ము దొరికింది, ఆయన్నీ శూలానికి ఎక్కించారు. ఆయన చావలేదు. రాజుకి సంగతి తెలిసి దించబోతే శూలం ఊడి రాలేదు, నరికేశారు, ముక్క ఒంట్లోనే ఉండిపోయింది, అణి అంటే శూలం మొన, అందుకే అణిమాండవ్యుడు. ఆ ముక్కతోనే ధర్మదేవత దగ్గరికి నేరుగా వెళ్ళి, ఏ పాపానికి నాకిది అని అడిగాడు. చిన్నప్పుడు నువ్వు పురుగుల తోకలో పుల్ల గుచ్చావు, దాని ఫలం అన్నాడు ధర్ముడు. ఇంత చిన్న తప్పుకి ఇంత శిక్షా, అదీ తెలిసీ తెలియని వయసులో చేసినదానికా అని మాండవ్యుడు ధర్ముణ్ణే శపించాడు, మనిషిగా దాసికి పుట్టు అని, అలా పుట్టినవాడే విదురుడు. అంతటితో ఊరుకోలేదు, ఇకనుంచి 14 ఏళ్ళ లోపు పిల్లలు చేసింది పాపం కిందకి రాదు అని రూలు మార్చేశాడు. తీర్పు చెప్పే దేవుడికే శిక్ష పడింది, అదీ శిక్ష నేరానికి తగినట్టు ఉండాలి, చిన్నపిల్లలకి మినహాయింపు ఉండాలి అనే, మనిషి బుద్ధికి అందే రెండు సూత్రాల మీద. ధర్ముడికన్నా ధర్మం పైన ఉందని ఈ కథ అల్లినవాళ్ళకి ఏ మొహమాటమూ లేదు. నేనూ ఆ పక్షమే. ఇక నిద్రపోండి.

ప్రశ్న: దేవుణ్ణి ఇలా ప్రశ్నించడం పాపం కాదా? మా అత్తగారు మీ పేజీ చదవద్దంటున్నారు.

జవాబు: అత్తగారికి నా నమస్కారాలు చెప్పమ్మా, ఆవిడకి గాంధారి గుర్తుండే ఉంటుంది. నూరుమంది కొడుకుల శవాల మధ్య నిలబడి కృష్ణుడితో, ఆపగలిగిన శక్తి ఉండి ఉపేక్షించావు, 36 ఏళ్ళకి నీవాళ్ళూ ఇలాగే పోతారు అంటుంది. ఆ నేరారోపణ చూడు, చంపావు అనలేదు, చెయ్యగలిగి ఊరుకున్నావు అంది, ఇవాళ కోర్టులో నిర్లక్ష్యం కేసు వేస్తే లాయరు చెప్పేదీ అదే. కృష్ణుడు కోప్పడలేదు, చిరునవ్వుతో ఇది జరగాల్సిందే అని ఒప్పుకుని, ఆ వెంటనే తప్పు నీది కూడా ఉంది కొడుకుని అదుపులో పెట్టలేదు అని తిరిగి అంటించాడు. ఇద్దరూ ఒకే భాషలో దెబ్బలాడుకున్నారు. బైబిల్లో అబ్రాహాము సొదొమ పట్టణం కోసం దేవుడితో బేరమాడతాడు, 50 మంది మంచివాళ్ళుంటే వదిలేస్తావా, 45 అయితే, అంటూ 10 దాకా దించుకొస్తాడు, లోకానికి తీర్పు తీర్చేవాడివి నువ్వు న్యాయం చెయ్యవా అని మొహమ్మీదే అడిగి. అదే బైబిల్లో ఏ తప్పూ చెయ్యకుండా కష్టాలపాలైన యోబు కథలో ఇంకా చిత్రం, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని నీ పాపానికే ఇదంతా అని యోబుకి నీతులు చెప్పిన స్నేహితుల మీద దేవుడికి కోపం వస్తుంది, తనని నిలదీసిన యోబే సరిగ్గా మాట్లాడాడు అంటాడు. భద్రాచల రామదాసు గోల్కొండ ఖైదులో రాముడి నగల లెక్కలు అప్పజెప్పి ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని తిట్టి, మళ్ళీ వెంటనే దెబ్బలకి ఓర్చుకోలేక తిట్టాను ఏమనుకోకు అని సర్దుకున్నాడు, దాన్ని ఇప్పటికీ భక్తి గానే పాడుకుంటున్నాం.

ప్రశ్న: మాకు తెలిసిన ఒకాయన ఒక స్వామిగారి మీద వచ్చిన ఆరోపణల గురించి మాట్లాడుతూ "తేజస్సు ఉన్నవాళ్ళకి దోషం అంటదు, భాగవతంలోనే ఉంది" అన్నారు. నిజంగా ఉందా?

జవాబు: ఉంది. 10వ స్కంధం 33వ అధ్యాయం. రాసలీల విన్నాక పరీక్షిత్తు అడుగుతాడు, ధర్మాన్ని నిలబెట్టడానికి వచ్చినవాడు పరస్త్రీలతో ఇలా ఎలా అని. అగ్ని అన్నీ తిన్నా దానికి మైల అంటనట్టు తేజోవంతులకి దోషం ఉండదు అని ఆయనకి భాగవతం చెప్తున్న శుకుడి జవాబు. మీ పెద్దమనిషి అక్కడికి చదివి పుస్తకం మూసేసినట్టున్నాడు. పక్క శ్లోకంలోనే శుకుడు అంటాడు, ఈశ్వరుడు కానివాడు ఇలాంటిది మనసులో కూడా చెయ్యకూడదు, చేస్తే రుద్రుడు కాకుండా విషం తాగినవాడిలా నాశనమైపోతాడు అని. ఆ స్వామిగారు ముందు విషం తాగి చూపిస్తే అప్పుడు మాట్లాడదాం.

నిజం చెప్పాలంటే శుకుడి అగ్ని పోలిక కూడా నాకు పూర్తిగా సరిపోదు, అగ్నికి తెలివి లేదు కాబట్టి దోషం లేదు, తెలివున్నవాడికి ఆ పోలిక ఎలా కుదురుతుంది. కానీ పరీక్షిత్తు అడిగిన తీరు చూడండి, ఏడు రోజుల్లో చచ్చిపోబోతూ, మోక్షం కోసం వింటూ కూడా ఆ ప్రశ్న మింగెయ్యలేదు.

ప్రశ్న: కర్మ సిద్ధాంతంతో ఇదంతా తీరిపోతుంది కదండీ, ఎవరు చేసుకున్నది వాళ్ళకి, మధ్యలో దేవుణ్ణి అనడమెందుకు?

జవాబు: చాలావరకు తీరుతుంది, పూర్తిగా కాదు. వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో 2.1.34 ఇదే, "వైషమ్య నైర్ఘృణ్యే న" అని మొదలవుతుంది. వైషమ్యం అంటే పక్షపాతం, నైర్ఘృణ్యం అంటే దయలేనితనం, కర్మని బట్టి ఇస్తాడు కాబట్టి ఆ రెండూ ఈశ్వరుడికి అంటవు అని. శంకరులు వాన పోలిక చెప్తారు, వాన అన్ని గింజల మీదా ఒకలాగే పడుతుంది, ఏది వడ్లు ఏది యవలు అన్నది గింజనిబట్టి ఉంటుంది. నాకు ఇందులో నచ్చేది జవాబుకన్నా ముందు ఆక్షేపణని ఒప్పుకోవడం. దేవుడికి పక్షపాతం ఏంటి, ఆ మాట ఆయనకి వర్తించదు అని కొట్టెయ్యలేదు, వర్తిస్తుంది, వర్తిస్తే పెద్ద దోషమే, అందుకే లేదని నిరూపించాలి అని కూర్చున్నారు. మరి మొట్టమొదటి కర్మ ఎక్కడిది అంటే సంసారానికి మొదలే లేదు అని పక్క సూత్రం. అది జవాబో, ప్రశ్నని వెనక్కి జరుపుకుంటూ పోవడమో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. కానీ ఒకటి చూశాను. నా కష్టానికి నా కర్మ అని నేను అనుకుంటే ఓర్పు వస్తుంది, పక్కవాడి కష్టానికి వాడి కర్మ అని నేను అంటే యోబు స్నేహితుణ్ణి అవుతాను.

ప్రశ్న: నమస్తే మాస్టారూ. మా బాబుకి రెండున్నర నెలలు. మొదటిసారి టీకా వేయించడానికి తీసుకెళ్తే నర్సు రెండు కాళ్ళూ గట్టిగా పట్టుకోమంది, పట్టుకున్నా. సూది దిగగానే వాడు ఒక్క క్షణం ఏడవలేదు, నోరు తెరిచి నా మొహంలోకి చూశాడు, ఆ చూపు మర్చిపోలేకపోతున్నా, తర్వాత గుక్కపట్టి ఏడ్చాడు. అప్పుడనిపించింది, దేవుడి ముందు మనమూ ఇంతేనేమో, ఆయన ఎందుకు పట్టుకున్నాడో మనకి తెలియదేమో. ఇది తప్పు ఆలోచనా?

జవాబు: తప్పు కాదమ్మా, ఇప్పటిదాకా వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఆపేసింది ఇదే. అదీ కాక "మన కొలతలకి అందడు" అన్న నా పోయిన వారం మాటకన్నా ఇది చాలా నిజాయితీ గల మాట, ఎందుకంటే నువ్వు కొలత పడెయ్యలేదు, తల్లి ప్రేమ అనే మన కొలతతోనే కొలిచి, బాబుకి తెలియని కారణం ఒకటి ఉండొచ్చు అన్నావు.

ఆ పోలిక ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి కదా. సూది నొప్పి లేకుండా అదే రక్షణ ఇచ్చే దారి నీకుంటే నువ్వు సూది వేయించేదానివా? వేయించవు. నీకు వేరే దారి లేదు కాబట్టి పట్టుకున్నావు. సర్వశక్తిమంతుడికి వేరే దారి లేదు అనలేం, అక్కడే చిక్కు. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో 1755 నవంబర్ 1న, సకల పరిశుద్ధుల పండగ రోజు పొద్దున చర్చిలన్నీ నిండి ఉండగా భూకంపం వచ్చింది, పైకప్పులు కూలాయి, కొవ్వొత్తులతో మంటలు, నది మీంచి సముద్రం ఎక్కొచ్చింది. ఉన్న లోకాల్లో ఇదే మేలైన లోకం అని అంతకుముందు 1710లో జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ రాసిన మాట మీద ఫ్రెంచి రచయిత వోల్టేర్ విరుచుకుపడ్డాడు, తల్లి గుండెలమీద నలిగిపోయిన పిల్లలు ఏ పాపం చేశారని. రూసో అనే ఇంకో తత్వవేత్త వోల్టేర్‌కి ఉత్తరం రాస్తూ, ఆరేడు అంతస్తుల ఇళ్ళు అక్కడ కిక్కిరిసి కట్టింది ప్రకృతి కాదు కదా అన్నాడు, అందులోనూ నిజముంది, కానీ ఆ పిల్లలు ఇళ్ళు కట్టలేదు.

ఇంకో తేడా ఉంది, ఇది పుస్తకాల్లోది కాదు. సూది తీసిన మరుక్షణం నువ్వు బాబుని ఎత్తుకుని భుజాన వేసుకుని "అయిపోయింది నాన్నా అయిపోయింది" అని ఉంటావు, నువ్వు రాయలేదు గానీ నాకు తెలుసు. వాడికి కారణం తెలియకపోయినా ఆ గొంతు తెలుసు, ఆ వాసన తెలుసు. కష్టంలో ఉన్న చాలామంది దేవుణ్ణి కారణం చెప్పమని అడగరు, ఆ గొంతు వినపడలేదే అని అడుగుతారు. వినపడింది అని చెప్పేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని కాదనడానికి నేనెవర్ని. వినపడని వాళ్ళకి మాత్రం "నీకు అర్థం కాదులే" అని నేను ఇంకోసారి రాయను.

రెండో డోసు నాలుగు వారాలకి అని చెప్పి ఉంటారు. ఈసారి కూడా నువ్వే పట్టుకో, నర్సుకి వదిలెయ్యకు, వాడు మళ్ళీ అలాగే చూస్తాడు.